విరిగిన చేపల పెట్టెల థర్మోకోల్‌ను సిమెంటు దిమ్మెల్లో కలపవచ్చా?

బరంపురం_దిమ్మెలు

అందరికీ నమస్కారం. బరంపురం నుంచి గోపాలపూర్ వెళ్లే దారిలో మాకు ఒక చిన్న సిమెంటు దిమ్మెల యార్డు ఉంది. నాన్నగారు మొదలుపెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. పదహారు అంగుళాల పొడవు, ఎనిమిది అంగుళాల ఎత్తు ఉన్న దిమ్మెలను నాలుగు, ఆరు అంగుళాల మందాల్లో పోస్తాం. ఒక మిక్సరు ఉంది. నేల మీద జరుపుకుంటూ పోసే వైబ్రేటర్ యంత్రం ఒకటి ఉంది.

మా యార్డు వెనక ఖాళీ స్థలంలో ఎప్పుడు చూసినా థర్మోకోల్ గుట్ట ఉంటుంది. గోపాలపూర్ తీరం నుంచి, రంభ వైపు చిలికా సరస్సు నుంచి వచ్చే చేపలు, రొయ్యలు ఐసు వేసి థర్మోకోల్ పెట్టెల్లో సర్ది పంపుతారు. మూత పగిలినా, మూల ఊడినా ఆ పెట్టె ఇక పనికిరాదు, ఇక్కడికి వచ్చి పడుతుంది. ఫ్రిజ్‌లు, టీవీలు అమ్మే దుకాణాల ప్యాకింగ్ ముక్కలూ ఇక్కడికే చేరతాయి. 2018 అక్టోబరు 2 నుంచి ఒడిశాలో బరంపురంతో కలిపి ఆరు నగరాల్లో ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్‌పై నిషేధం పెట్టారు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా అలంకరణకు వాడే థర్మోకోల్‌నూ నిషేధించారు. కానీ సరుకు ప్యాకింగ్ థర్మోకోల్ ఆ నిషేధంలోకి రాదు, కాబట్టి గుట్ట తరగడం లేదు.

గుట్ట పెరిగిందంటే సాయంత్రం పూట ఎవరో ఒకరు నిప్పు పెడతారు. నల్లటి పొగ లేస్తుంది. మసి పోగులు గాలికి కొట్టుకువచ్చి దండెం మీద బట్టలకు అంటుకుంటాయి. మా అమ్మకు ఉబ్బసం. తలుపులన్నీ మూసి ఆమెను లోపలి గదిలో కూర్చోబెట్టడం తప్ప నేను చేయగలిగింది ఉండటం లేదు. రోజంతా సిమెంటు, ఇసుక కలిపే మనిషిని, పక్కనే పడి ఉన్న ఈ సరుకును నా పనిలోనే ఎందుకు ఇమడ్చలేను అనిపిస్తోంది.

పాత జల్లెడ వలకు చట్రం బిగించి, పెట్టె ముక్కలను దాని మీద కొబ్బరి కోరినట్టు కోరి చూశాం. పూసలు బాగానే విడివడతాయి. సమస్యంతా ఆ తరువాతే. పొడిగా ఉన్నప్పుడు చేతులకు, చొక్కాకు, మిక్సరు గోడకు అంటుకుని వదలవు. నీళ్లు పోస్తే పైకి తేలుతాయి. యంత్రంలో వేసి వైబ్రేటర్ ఆన్ చేస్తే పూసలన్నీ దిమ్మె పైభాగానికి చేరి, అడుగున ఉత్త ఇసుక, సిమెంటు మిగులుతున్నాయి. ఇంకో విచిత్రం: అచ్చు పైకి ఎత్తగానే దిమ్మె పైతలం కొద్దిగా ఉబ్బుతుంది, వెంటనే మూలలు రాలిపోతాయి.

నా ప్రశ్నలు ఇవి. ఏ పాళ్లలో కలపాలి? తేలకుండా ఏం చేయాలి? ఇలాంటి దిమ్మెతో ఎలాంటి గోడ కట్టవచ్చు, ఎలాంటిది కట్టకూడదు? నిప్పు అంటుకుంటుందా? పాత డాబా మీద గది వేసుకోవాలనుకునే ఒక టీచరు గారు తేలికైన దిమ్మెలు కావాలని అడుగుతున్నారు. సరిగ్గా తెలుసుకోకుండా ఆయన ఇంటి మీదికి ఒక్క దిమ్మె కూడా పంపను.

ఇచ్ఛాపురం_సివిల్

మంచి ప్రశ్న అడిగారు. నేను స్ట్రక్చరల్ ఇంజనీరును, ఆంధ్ర, ఒడిశా సరిహద్దుకు రెండు వైపులా పనులు చేస్తుంటాను. తీరిగ్గా చెబుతాను, వినండి.

ఇది కొత్త విద్య కాదు. థర్మోకోల్ పూసలను కాంక్రీటులో కంకరకు బదులుగా వాడటంపై 1973లోనే పరిశోధన పత్రం వచ్చింది. మన దేశంలో ఇందౌర్‌లో కేంద్ర ప్రభుత్వం చేపట్టిన లైట్ హౌస్ అనే ఇళ్ల ప్రాజెక్టులో 1,024 ఇళ్లకు వాడింది కూడా సిమెంటు, థర్మోకోల్ పూసలు కలిపిన గుజ్జు నింపిన పలకలే. అయితే అక్కడ బరువంతా ఉక్కు చట్రం మోస్తుంది, పలకలు గోడలుగా మాత్రమే నిలుస్తాయి. ఈ తేడాను గట్టిగా గుర్తుంచుకోండి, మీ మూడో ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది.

ముందు తేలడం సంగతి. థర్మోకోల్‌లో దాదాపు 98 శాతం గాలి. పైగా అది నీటిని అంటనివ్వదు. అందుకే సిమెంటు పాలు పూస మీద నిలవకుండా జారిపోతాయి. దీనికి మందు కలిపే వరుసలో ఉంది. మిక్సరులో అన్నింటికంటే ముందు పూసలు వేయండి. మొత్తం నీటిలో మూడో వంతు చల్లి, కొంత సిమెంటు వేసి తిప్పండి. తెల్లగా ఒక్క పూస కూడా కనిపించకుండా అన్నీ బూడిద రంగుకు తిరగాలి. ఆ తరువాతే ఇసుక, మిగతా సిమెంటు, మిగతా నీరు. సిమెంటులో ఐదో వంతు తగ్గించి ఆ మేరకు ఫ్లై యాష్, అంటే థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, వేస్తే ముద్దకు జిగురు వస్తుంది, పూసలు విడిపోవు. ఒడిశాలో ఫ్లై యాష్‌కు కొదవ లేదు, ఎలాగూ మీరు వాడుతూనే ఉంటారు. మైక్రోసిలికా అనే అతి మెత్తటి సిలికా పొడి దొరికితే ఇంకా మంచిది, కానీ ఖరీదు. ముద్ద జారుగా ఉండకూడదు. నీరు ఎక్కువైతే ఎంత జాగ్రత్తగా కలిపినా పూసలు పైకి వస్తాయి.

ఇక ఆ ఉబ్బడం. యంత్రం దిమ్మెను నొక్కినప్పుడు పూస కూడా నొక్కుకుంటుంది. అచ్చు తీయగానే మళ్లీ తన ఆకారానికి వస్తుంది. అప్పటికి సిమెంటు గట్టిపడలేదు కాబట్టి మూలలు రాలతాయి. వెంటనే అచ్చు ఎత్తే మీ యంత్రం ఈ సరుకుకు పనికిరాదు. ఇనుప అచ్చులు చేయించుకోండి. రెండు మూడు పొరలుగా ముద్ద వేసి, చెక్కతో మెత్తగా దట్టించి, మర్నాటి దాకా కదపకుండా ఉంచి తీయండి. వైబ్రేటర్ వద్దు. పని నెమ్మదిస్తుంది, అచ్చుల ఖర్చు పెరుగుతుంది. ఇది మాత్రం తప్పదు.

పాళ్ల విషయం. పూసలను తూచి కలపడం కుదరదు, డబ్బాతో కొలవాలి. ఒక సిమెంటు బస్తా అంటే 35 లీటర్లు. ఆ కొలత డబ్బాతో ఇసుక రెండు, పూసలు నాలుగు, నీరు 22 నుంచి 25 లీటర్లు అనుకుందాం. ఇసుక తడిగా ఉంటే నీరు ఆ మేరకు తగ్గించాలి. లెక్క వేస్తే సుమారు 165 లీటర్ల ముద్ద తయారవుతుంది. మీ నాలుగంగుళాల దిమ్మె ఎనిమిది లీటర్లు, కాబట్టి బస్తాకు దాదాపు 20 దిమ్మెలు. ఆరిన తరువాత ఘనపు మీటరు 1,000 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. మామూలు కాంక్రీటు 2,400 కిలోలు. అంటే ఒక్కో దిమ్మె ఎనిమిది కిలోలు తూగుతుంది. అదే కొలతలో కంకర వేసి పోసిన గట్టి దిమ్మె 17 కిలోలు దాటుతుంది.

బలం గురించి మాత్రం ఎవరి మాటా నమ్మవద్దు, నా మాట కూడా. పూసలు పెరిగేకొద్దీ బలం బాగా పడిపోతుంది. 1,000 కిలోల సాంద్రత దగ్గర చదరపు మిల్లీమీటరుకు కొద్ది న్యూటన్లు మాత్రమే వస్తుంది. పోలిక కోసం చెబుతున్నాను: మామూలు మట్టి ఇటుకకు ఐఎస్ 1077 అనే భారతీయ ప్రమాణం చెప్పే కనీస తరగతి 3.5 న్యూటన్లు. మీరు పోసిన సరుకు అంతకు పైన ఉందా, కింద ఉందా అన్నది పరీక్షలోనే తేలాలి. ఆరంగుళాల ఘనాలు పోసి, 28 రోజులు నీటిలో ఉంచి, సివిల్ విభాగం ఉన్న కళాశాలకు తీసుకెళ్లండి. బరంపురంలో పరలా మహారాజా ఇంజనీరింగ్ కళాశాల ఉంది, ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగ్ స్కూల్ ఉంది. రెండు చోట్లా అడిగి చూడండి.

పరీక్షకు ముందు యార్డులోనే చేసుకోగల తనిఖీ ఒకటి ఉంది. ఆరంగుళాల ఘనం దాదాపు 3.4 లీటర్లు. ఆరిన ఘనం 3.4 కిలోలు తూగితే మీరు 1,000 దగ్గర ఉన్నట్టు. ఒకే కలుపులో పోసిన ఘనాలు ఒకటి 3, ఇంకొకటి 4 కిలోలు తూగితే పూసలు సమంగా కలవలేదని అర్థం. అలాంటి సరుకు ఎవరికీ అమ్మవద్దు.

ఎక్కడ వాడాలి? పిల్లర్లు, బీములు ఉన్న ఇంట్లో మధ్య గోడలకు వాడవచ్చు. స్లాబు బరువు గోడల మీదే ఆనే పాత పద్ధతి ఇళ్లలో ఆ గోడలకు వాడకూడదు. లింటెల్, సన్‌షేడ్, పిల్లరు, పునాది, ఇనుప చువ్వ పడే చోటు ఏదైనా సరే, అక్కడ ఈ ముద్ద వద్దు.

పర్లాకిమిడి_తాపీ

ఇంజనీరు గారు లెక్కలు చెప్పారు, నేను గోడ సంగతి చెబుతాను. ముప్ఫై ఏళ్లుగా తాపీ పని చేస్తున్నాను. గజపతి జిల్లాలోనూ, ఇటు పాతపట్నం వైపూ ఇలాంటి తేలిక దిమ్మెలతో గోడలు లేపాను.

దిమ్మె తేలిగ్గా ఉందని కూలీలు విసిరి అందిస్తారు. అక్కడే మూలలు పోతాయి. చేతికి చేయి అందించాలి. కోసిన వైపు పూసలు బయటపడి ఉంటాయి, దాని మీద మాలు, అంటే ఇసుక, సిమెంటు కలిపిన ముద్ద, పట్టదు. ముందు చిక్కటి సిమెంటు పాలు కుంచెతో పూసి, అది పచ్చిగా ఉండగానే మాలు కొట్టాలి. ఈ దిమ్మె ఆరేటప్పుడు మామూలు దిమ్మె కంటే ఎక్కువ ముడుచుకుంటుంది. అందుకే నెలన్నా ఆరని దిమ్మెతో కట్టిన గోడ మీద ప్లాస్టరింగ్ చేస్తే చీలికలు వస్తాయి. గోడ పిల్లరును తాకే జోడు దగ్గర, బీము కింద జోడు దగ్గర వల కొట్టకుండా ప్లాస్టరింగ్ చేయనే కూడదు.

ఒక మాట ఇంటివాళ్లకు ముందే చెప్పండి. ఈ గోడకు మామూలు మేకు దిగుతుంది, కానీ నిలబడదు. ఫ్యాను, గీజరు, టీవీ, వంటింటి అలమర లాంటివి తగిలించే చోట ముందే గుర్తు పెట్టించుకుని ఆ వరుసలో గట్టి దిమ్మె వేయాలి. తలుపు, కిటికీ చట్రాల పక్కన కూడా గట్టి దిమ్మె ఉండాలి. చట్రం పట్టీలు తేలిక దిమ్మెలో దిగ్గొడితే తలుపు నాలుగుసార్లు గట్టిగా వేసేసరికి ఊడి వస్తాయి.

రాయగడ_కెమిస్ట్రీ

నేను రాయగడలో కెమిస్ట్రీ చెబుతాను. నిప్పు గురించి అడిగారు కాబట్టి రాస్తున్నాను.

థర్మోకోల్ అంటే గాలి నింపి ఉబ్బించిన పాలీస్టైరీన్. 100 డిగ్రీల దగ్గరికి వచ్చేసరికే అది మెత్తబడి కుంచించుకుపోతుంది. ఇంకా వేడెక్కితే కరిగి, మంట తగిలితే మసి పొగతో మండుతుంది. ఆ పొగలో కార్బన్ మోనాక్సైడ్, స్టైరీన్ ఆవిరి ఉంటాయి. మీ అమ్మగారికే కాదు, ఆ చుట్టుపక్కల ఎవరికీ అది మంచిది కాదు. గుట్టకు నిప్పు పెట్టడం ఆపించగలిగితే మీరు దిమ్మెలు పోసినా పోయకపోయినా ఊరికి మేలు చేసినట్టే.

గోడలో పరిస్థితి వేరు. పూస చుట్టూ సిమెంటు ఉంటుంది కాబట్టి మంట పాకడానికి గాలి అందదు. పెద్ద అగ్నిప్రమాదంలో పైపొర పూసలు కరిగి, వాటి స్థానంలో బొరియలు మిగులుతాయి, దిమ్మె బలం తగ్గుతుంది. కాబట్టి రెండు వైపులా అర అంగుళానికి తగ్గని ప్లాస్టరింగ్ తప్పనిసరి. పొయ్యి వెనక గోడకు, పొగ గొట్టం దగ్గర, దీపారాధన గూటికి ఈ దిమ్మె వద్దు.

మరో విషయం చాలామందికి తెలియదు. కరెంటు తీగల మీద ఉండే మెత్తటి పీవీసీ తొడుగు థర్మోకోల్‌ను నేరుగా తాకుతూ ఉంటే, ఆ తొడుగును మెత్తగా ఉంచే పదార్థం థర్మోకోల్‌లోకి దిగిపోతుంది. కొన్నేళ్లకు తొడుగు పెళుసుబారి చిట్లుతుంది. గోడను తొలిచి తీగను అలాగే పూడ్చేయకుండా గట్టి గొట్టంలోంచే లాగించండి.

చేపల పెట్టెలు వాడుతున్నారు కాబట్టి ఇదీ చెప్పాలి. వాటికి ఉప్పు, చేపల కొవ్వు, జిగురు పట్టి ఉంటాయి. కొవ్వు ఉంటే సిమెంటు అంటదు. ఉప్పు ఇనుప చువ్వను తినేస్తుంది. ముక్కలు చేయకముందే సబ్బు నీటితో కడిగి, ఆ తరువాత మంచినీటితో రెండుసార్లు జాడించండి. సబ్బు మిగిలితే మిక్సరులో నురగ లేచి దిమ్మె బలం తగ్గుతుంది. టీవీ ప్యాకింగ్ ముక్కలకు ఈ బాధ లేదు, దుమ్ము దులిపితే చాలు. కూల్చిన భవనాల నుంచి తీసిన పాత థర్మోకోల్ పలకలను మాత్రం ఇందులో కలపవద్దు. వాటిలో మంటను అడ్డుకోవడానికి హెచ్‌బీసీడీ అనే రసాయనాన్ని వాడేవారు. 2013లో స్టాక్‌హోమ్ ఒప్పందం అనే అంతర్జాతీయ ఒప్పందం దాన్ని నిర్మూలించవలసిన రసాయనాల జాబితాలో చేర్చింది.

కోరిన పూసల బస్తాలు పెట్టే చోట బీడీ, వెల్డింగ్ రెండూ నిషేధించండి. బస్తా పూసలకు నిప్పంటుకుంటే ఆర్పే లోపు షెడ్డు పోతుంది.

గుణుపురం_ఇల్లు

అందరూ ఎలా కలపాలో చెబుతున్నారు, అసలు కలపడం మంచిదేనా అని ఎవరూ అడగడం లేదు. ఇప్పుడు కనిపిస్తున్న ప్లాస్టిక్‌ను కనిపించకుండా గోడలో దాచిపెడుతున్నాం. యాభై ఏళ్లకు ఆ ఇల్లు కూల్చితే పూసలన్నీ మళ్లీ బయటికి వస్తాయి. అప్పుడు సిమెంటుతో కలిసి ఉంటాయి కాబట్టి వేరు చేయడం ఎవరి వల్లా కాదు. థర్మోకోల్‌ను కరిగించి ఫొటో ఫ్రేములు చేసేవాళ్లు ఉన్నారు కదా, వాళ్లకే పంపితే పోదా? వంశధార ఒడ్డున ఉంటాం, వరద వచ్చిన ప్రతిసారీ ముళ్లకంపలకు చిక్కుకున్న ఈ తెల్ల పూసలు చూస్తుంటే కడుపు మండుతుంది.

ఇచ్ఛాపురం_సివిల్

గుణుపురం గారూ, మీ అభ్యంతరంలో నిజముంది, దాన్ని తేలిగ్గా తీసుకోను. శుభ్రమైన థర్మోకోల్ కరిగించేవారి దగ్గరికి చేరగలిగితే అదే మొదటి దారి. ఇక్కడ అడ్డం వస్తున్నది రవాణా. పది ఘనపు మీటర్ల తొట్టి ఉన్న లారీ నిండా థర్మోకోల్ నింపినా బరువు 150 నుంచి 200 కిలోలు దాటదు. డీజిలు ఖర్చంతా గాలిని మోయడానికే పోతుంది. అక్కడికక్కడే నొక్కి దిమ్మెకట్టే యంత్రం బరంపురంలో ఎవరైనా పెడితే నేనే సంతోషిస్తాను. అది లేనప్పుడు చేప వాసన పట్టిన విరిగిన పెట్టెను ఎవరూ కొనరు. దానికి ఇప్పుడు మిగిలిన దారులు రెండే, మంట లేదా కాలువ.

కూల్చేటప్పుడు వచ్చే చిక్కు నిజమే. అందుకే ఈ దిమ్మెలను ఇంటి నిండా వాడమని నేను చెప్పను. అవసరం ఉన్న చోట, అంటే బరువు తగ్గితేనే ఇల్లు నిలబడే చోట, వేడి తగ్గాల్సిన చోట వాడితే ఆ ప్లాస్టిక్ అక్కడ యాభై ఏళ్లు పని చేస్తుంది. అవసరం లేని ప్రహరీ గోడలో కలిపితే మీరన్నట్టు దాచిపెట్టడమే అవుతుంది.

యార్డువారికి కూడా ఒక మాట. ఈ పనిలో ఎంత చెత్త ఖర్చవుతుందో ముందే తెలుసుకోండి. బస్తా సిమెంటు కలుపులో పట్టే నాలుగు డబ్బాల పూసల బరువు రెండు కిలోలు. వెయ్యి దిమ్మెలకు వంద కిలోలు. బరువులో ఇది చిన్నది. గుట్టగా చూస్తే మాత్రం పెట్టెల లోపలి ఖాళీని లెక్కలోకి తీసుకోకుండానే ఐదారు ఘనపు మీటర్లు. మీ వెనక ఖాళీ స్థలంలో ఆ తేడా కంటికి కనిపిస్తుంది.

బరంపురం_దిమ్మెలు

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ఉబ్బడం గురించి ఇంజనీరు గారు చెప్పింది చదివాక యంత్రాన్ని పక్కన పెట్టేశాను. అచ్చులకు ఫ్యాబ్రికేషన్ షాపులో చెప్పాను. కోరే పని ఆరుబయట మానేసి, మూడు వైపులా దోమతెర కట్టిన షెడ్డులోకి మార్చాం. కింద తార్పాలిన్ పరిచి, ముక్కలను తడిపి కోరుతుంటే పూసలు చేతులకు అంటుకోవడం కూడా తగ్గింది. కాలువలోకి ఒక్క పూస పోయినా ఆ నీరు చివరికి సముద్రానికే చేరుతుంది. గుణుపురం గారి మాట నాకూ గుచ్చుకుంది.

ఇంకో రెండు సందేహాలు. ఒకటి, టీచరు గారి పాత డాబా. మే నెలలో ఆ ఇంటి పై గదిలో అర్ధరాత్రి దాకా స్లాబు వేడి కక్కుతుందట. దిమ్మెలతో పాటు ఇదే ముద్దను స్లాబు మీద పరచవచ్చా? రెండు, మా ఊరి సంగతి మీకు తెలుసు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. 2018లో తిత్లీ పలాస వైపు దాటినా గంజాం, గజపతి రెండూ దెబ్బతిన్నాయి. అంత గాలికి తేలిక దిమ్మెల గోడ ఆగుతుందా?

ఇచ్ఛాపురం_సివిల్

నన్నడిగితే థర్మోకోల్ ముద్దకు తగిన చోటు స్లాబు మీదే. అక్కడ దానికి మోయాల్సిన బరువు తక్కువ, ఆపాల్సిన వేడి ఎక్కువ. ముప్ఫై అడుగుల పొడవు, ముప్ఫై అడుగుల వెడల్పు డాబా మీద మూడంగుళాల మందం అంటే ఆరు ఘనపు మీటర్లకు కొంచెం పైన. ఇటుక ముక్కలు పరిచి సున్నం లేదా సిమెంటు పోసే పాత పద్ధతిలో అది 12 టన్నుల దగ్గరికి పోతుంది. ఘనపు మీటరుకు 900 కిలోల థర్మోకోల్ ముద్ద అయితే ఐదున్నర టన్నులకు కొంచెం పైన. పాత స్లాబుకు ఆరు టన్నుల బరువు తగ్గడం చిన్న విషయం కాదు. వేడిని ఆపడంలో కూడా ఇది మామూలు కాంక్రీటు కంటే కొన్ని రెట్లు మేలు.

వాలు వానగొట్టం వైపు ఉండేలా పరచండి. ఇంత తేలిక ముద్ద మీద నేరుగా నడిస్తే పైతలం రాలిపోతుంది, కాబట్టి దాని మీద ఒక అంగుళం గట్టి మాలు గాని, టైల్స్ గాని తప్పనిసరి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు వాటర్‌ప్రూఫింగ్ దగ్గర జరుగుతుంది. థిన్నరు కలిసిన రసాయనం పూస్తే అది ముద్దలోకి దిగి పూసలను కరిగించేస్తుంది. గ్యాసు మంటతో అతికించే తారు షీటు వేస్తే ఆ వేడికి పైపొర పూసలు కుంచించుకుపోయి పైతలం గుల్లవుతుంది. నీటితో కలిపే సిమెంటు పాలిమర్ రకమే వాడండి.

గాలి సంగతి. ఫైలిన్ రోజు గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. విడిగా నిలబడిన గోడను గాలికి పడిపోకుండా ఆపేవాటిలో దాని బరువు కూడా ఒకటి. కాబట్టి పిట్టగోడకు, ప్రహరీకి, రేకుల షెడ్డు చుట్టూ కట్టే గోడకు ఈ దిమ్మె వద్దే వద్దు. రేకుల ఇంట్లో గోడ బరువే కప్పును కొంతవరకు పట్టి ఉంచుతుంది. పిల్లర్ల మధ్య కట్టే గోడ అయితే ఆందోళన లేదు, కానీ ప్రతి మూడు నాలుగు వరుసలకు పిల్లరు నుంచి సన్న చువ్వ బయటికి తీసి గోడ జోడులో పడుకోబెట్టాలి. చువ్వ చుట్టూ మామూలు ఇసుక, సిమెంటు మాలే ఉండాలి. మీది సముద్రపు గాలి, చువ్వకు మాలు కప్పు సరిగా లేకపోతే తుప్పు తొందరగా పడుతుంది.

టీచరు గారి ఇంటికి పిల్లర్లు ఉన్నాయా, లేక కింది గోడల మీదే స్లాబు ఆనిందా? అది చూడకుండా పై గది విషయం తేల్చలేం. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తు, నాలుగంగుళాల మందం ఉన్న ఒక్క గోడ గట్టి దిమ్మెతో దాదాపు రెండు టన్నులు, మీ దిమ్మెతో 900 కిలోలు. తేడా పెద్దదే, అయినా 900 కిలోలూ బరువే. స్లాబు మధ్యలో బీము లేని చోట అది కూడా పెట్టకూడదు. మీకు దగ్గరలో ఉన్న ఇంజనీరును ఒకసారి ఇల్లు చూడమనండి.

బరంపురం_దిమ్మెలు

అడిగి తెలుసుకున్నాను. కింద అన్నీ పదంగుళాల ఇటుక గోడలే, పిల్లర్లు లేవు. పై గది ఆలోచన ఇంజనీరు వచ్చి చూసేదాకా ఆపమని టీచరు గారికి చెప్పాను. స్లాబు మీద పరిచే పని ముందు చేద్దామని ఆయన కూడా ఒప్పుకున్నారు. ఈ నెల ఘనాలు పోస్తాను. పరీక్ష కాగితం రాగానే సాంద్రత, బలం అంకెలు, కలిపిన పాళ్లు ఇక్కడే పెడతాను. బాగా రాకపోయినా పెడతాను.

తాపీ మేస్త్రి గారూ, జోడు మీద కొట్టమన్న వల ఏ రకం కొనాలి? ఇక్కడి హార్డ్‌వేర్ దుకాణంలో మూడు రకాలు చూపించారు.

పర్లాకిమిడి_తాపీ

అర అంగుళం కన్ను ఉన్న కోడి వల తీసుకోండి బాబూ. జింకు పూత ఉన్నదే కొనండి, గోపాలపూర్ గాలికి మామూలు తీగ ప్లాస్టరింగ్ లోపలే తుప్పు పట్టి గోడ మీద ఎర్ర చారలు వస్తాయి. జోడుకు రెండు వైపులా నాలుగేసి అంగుళాలు పరుచుకునేలా కత్తిరించి, వదులు లేకుండా లాగి మేకులు కొట్టించండి. వల గోడకు మరీ అతుక్కుపోకూడదు, వెనక్కి మాలు దూరాలి. మేకు కింద చిన్న రాతి చిప్ప పెట్టి కొడితే ఆ సందు వస్తుంది.